గిడుగు రామమూర్తి సవర లేఖన పద్ధతి

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) శ్రీముఖలింగ సమీపమందలి పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై ఉండగా, సవరలకు వారి భాషలోనే విద్య గరపాలని సంకల్పించి, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట నిలుపుకొని ఆ భాష నేర్చారు. లిపి లేని ఆ భాషలో తొలుత తెలుగు అక్షరాలతో పాఠ్యపుస్తకాలు రచించారు. కాని కంఠబిలాన శ్వాసను క్షణకాలం నిరోధించి పలికే సవర ధ్వనికి మన వర్ణమాలలో సంకేతం లేదు. ఉన్న అక్షరాలకు ఆ పలుకును సరిపెట్టడం వారికి సమ్మతం కాలేదు. అందుచేత ధ్వనిశాస్త్రాన్ని అభ్యసించి, రోమన్ అక్షరాలకు విశేష చిహ్నాలు చేర్చిన పద్ధతిని అవలంబించారు. దీర్ఘాన్ని అచ్చు పక్కన రెండు చుక్కలతో సూచించారు. 1931 నాటి సవర భాషా బోధిని, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువు ఇందుకు ఫలాలు. ఈ మధ్యకాలంలోనే, 1936లో, మంగేయి గొమాంగో సవరలకు 24 అక్షరాల సొరాంగ్ సొంపెంగ్ లిపిని కల్పించారు. వ్రాత పలుకును అనుసరించాలని వ్యావహారిక తెలుగు కోసం వాదించిన పంతులుగారు, సవర విషయంలోనూ ఆ సూత్రాన్నే ఆచరించారు.