అన్నదాత్రి డొక్కా సీతమ్మ

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో దప్పిగొన్నవానికి నీరు పోసినవారిని పుణ్యాత్ములందురు. గోదావరి లంకలలో నీటికి కొదువ లేదు. పడవ దొరకక రేవున నిలిచిన బాటసారికి అచట కావలసినది పట్టెడన్నము. ఆ అన్నమును జీవితకాలము పెట్టిన తల్లి డొక్కా సీతమ్మ.

ఆమె 1841లో మండపేటలో జన్మించెను. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచే తండ్రి భవానీశంకరమునకు బువ్వన్న యను పేరు వచ్చెను. లంకల గన్నవరమునందలి డొక్కా జోగన్నను పెండ్లాడి, అత్తవారింటను ఆమె ఆ వ్రతమునే పట్టెను. కులమడుగలేదు, వేళ చూడలేదు. అర్ధరాత్రి తలుపు తట్టినను పొయ్యి రాజుకొనెడిది. ఇంత దానమునకు ఆధారము జోగన్న సేద్యపు పంటయే. ఇల్లు నిండిన పిమ్మట పెట్టుదమనువాడు ఎన్నడును పెట్టజాలడు.

ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరెనట. దారిలో ఒక పెండ్లివారు, గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము దొరకునని ఆకలిగొన్న పిల్లలను ఓదార్చుచుండిరి. అది విని ఆమె చిరకాలపు కోరికను విడిచి వెనుదిరిగి, వారికన్న ముందే ఇల్లు చేరి వంట చేసెనని చెప్పుకొందురు.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను, అతిథులను విడిచి ఆమె కదలలేదు. చిత్రపటము మాత్రమే వెళ్లెను.

1909లో ఆమె పరమపదించెను. ఆ ఇంట లేచిన విస్తళ్లకు లెక్క లేదు. గన్నవరమున వైనతేయ నదిని దాటించి పొలములకు కాలువనీరు చేర్చు అక్విడక్టునకు నేడు ఆమె పేరు కలదు.