సరిగమలు రాని వాగ్గేయకారుడు హోసే అల్ఫ్రెడో హిమెనెజ్

హోసే అల్ఫ్రెడో హిమెనెజ్‌కు ఏ వాయిద్యమూ వాయించడం రాదు. స్వరలిపి చదవడం రాదు. తాను కట్టిన బాణీ ఏ శ్రుతిలో ఉందో చెప్పడమూ రాదు. పాట తట్టగానే ఈలవేసో, గొంతెత్తి పాడో పక్కనున్నవాళ్లకు వినిపించేవాడు. సంగీతం చదువుకున్నవాళ్లు దాన్ని కాగితం మీదకు ఎక్కించేవాళ్లు. అలా పుట్టిన పాటలు వందలు. ఆయన చనిపోయి యాభై ఏళ్లు దాటింది. అయినా మెక్సికోలో పెళ్లిలోనూ, చావులోనూ, పుట్టినరోజు విందులోనూ జనం గొంతు కలిపి పాడుకునే పాటల్లో ఆయనవి ఉంటూనే ఉన్నాయి.

శాస్త్రం తెలిసినవాళ్లదే సంగీతమనీ, మిగతావాళ్లది కూనిరాగమనీ చెప్పే మాటలు మనం చాలా విన్నాం. అందుకే ఈయన జీవితం మన పాఠకులకు తెలియాలనుకున్నాం. పొగడ్తల కోసం రాయడం లేదు. ఆయన పాటల్లో మనం నేర్చుకోవలసినవి ఉన్నాయి, తగువు పెట్టుకోవలసినవీ ఉన్నాయి.

మెక్సికో మధ్య భాగంలో గ్వానహ్వాతో రాష్ట్రం ఉంది. అందులో దొలోరెస్ హిదాల్గో ఒక చిన్న పట్టణం. స్పెయిన్ పాలన మీద తిరగబడమని 1810 సెప్టెంబర్ 16న మిగెల్ హిదాల్గో అనే పాదిరి జనానికి పిలుపునిచ్చింది అక్కడే. ఆ ఊళ్లోనే 1926 జనవరి 19న హోసే అల్ఫ్రెడో పుట్టాడు. తండ్రి అగుస్తిన్ హిమెనెజ్‌కు మందుల షాపు ఉండేది. తల్లి కార్మెన్ సాందొవాల్. వాళ్లది ఆదివాసీ కుటుంబం కాదు, కూలి చేసుకు బతికే కుటుంబమూ కాదు. ఊళ్లో కాస్త పరువుతో బతికే మధ్యతరగతి ఇల్లు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. కష్టాలు పడ్డ ప్రతి కళాకారుణ్నీ అట్టడుగు నుంచి వచ్చినవాడిగా చూపించడం ఆ అట్టడుగు జనానికి న్యాయం కాదు.

ఆ ఇంటి పరువు ఒక్క చావుతో కూలిపోయింది. 1936లో తండ్రి పోయాడు. అప్పటికి హోసే అల్ఫ్రెడోకు పదేళ్లు. తల్లి చిన్న దుకాణం పెట్టింది కానీ అది నిలబడలేదు. పిల్లవాణ్ని మెక్సికో నగరంలో ఉన్న బంధువుల ఇంటికి పంపారు. పెద్ద చదువులు ఆయనకు అందలేదు. చిన్నప్పటి నుంచే ఏదో ఒక పని చేసుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ఆ నగరం ఎలా ఉండేదో తెలిస్తేనే ఆయన పాట ఎందుకంత అంటుకుందో అర్థమవుతుంది. 1910లో మొదలైన మెక్సికో విప్లవం పల్లెల్ని కుదిపేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఫ్యాక్టరీ పనుల కోసం, కూలి కోసం లక్షల మంది పల్లె జనం రాజధానికి వచ్చిపడ్డారు. 1942 నుంచి 1964 వరకు నడిచిన బ్రసేరో ఒప్పందం కింద ఇంకెంతోమంది సరిహద్దు దాటి అమెరికా పొలాల్లో కూలీలయ్యారు. ఊరు వదిలినవాళ్లకు ఊరి గుర్తుగా మిగిలింది పాటే. దాన్ని రాంచెరా అంటారు, పల్లెపాట అనుకోవచ్చు. 1930లో మొదలైన ఎక్స్ఈడబ్ల్యూ రేడియో ఆ పాటను దేశమంతా వినిపించింది. సినిమా దాన్ని తెర మీదకు తెచ్చింది.

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. మరియాచి వాయిద్య బృందాలు మొదట పశ్చిమ మెక్సికో పల్లెల్లోవి. ఆ కళాకారులు రైతుకూలీలు కట్టుకునే తెల్ల నూలు బట్టలే వేసుకునేవాళ్లు. నగరానికి, సినిమాకు వచ్చేసరికి వాళ్ల ఒంటి మీదకు వెండి గుండీల చారో దుస్తులు, పెద్ద టోపీ వచ్చాయి. అవి గుర్రాలూ భూములూ ఉన్న ఆసాముల వేషం. పేదల పాటకు దొరల బట్ట తొడిగి, అదే జాతీయ సంస్కృతి అన్నారు. హోసే అల్ఫ్రెడో కూడా ఆ దుస్తుల్లోనే వేదికలెక్కాడు. కానీ ఆయన నేర్చుకున్నది దొరల బంగళాలో కాదు, నగరంలోని హోటళ్లలో, వీధుల్లో.

యువకుడిగా ఆయన లా సిరేనా అనే హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. ఒవియెదో, మార్తె క్లబ్బుల తరఫున గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. హోటల్ యజమాని కొడుకుతోనూ, ఇంకొందరు స్నేహితులతోనూ కలిసి లోస్ రెబెల్దెస్ అనే చిన్న బృందంలో పాడేవాడు. ఆ పేరుకు అర్థం తిరుగుబాటుదారులు. 1948 నాటికి రేడియోలో ఆయన గొంతు వినిపించడం మొదలైంది. 1950లో ఆంద్రెస్ వెస్కా బృందం ఆయన రాసిన యో అనే పాటను రికార్డు చేసింది. యో అంటే నేను. ఆ పాట పెద్ద హిట్టయింది. ఆ తర్వాత ఆయన వెనక్కి తిరిగి చూసుకోలేదు.

రికార్డింగ్ కంపెనీలో ఆయన పాటలకు వాయిద్యాల కూర్పు చేసినవాళ్లలో ముఖ్యుడు రుబెన్ ఫ్వెంతెస్. వార్గాస్ దె తెకాలిత్లాన్ అనే ప్రసిద్ధ మరియాచి బృందంలో వయొలిన్ వాయించిన మనిషి, సంగీతం క్షుణ్ణంగా తెలిసినవాడు. హోసే అల్ఫ్రెడో ఈలవేసి చెప్పిన బాణీని ఆయన వయొలిన్లకూ, ట్రంపెట్లకూ, గిటార్లకూ సర్దేవాడు. ఆ పాటల గొప్పతనంలో ఫ్వెంతెస్ వాటా చిన్నది కాదు. అయితే పాట కట్టినవాడిగా పేరు మాత్రం హోసే అల్ఫ్రెడోదే. మాకు ముఖ్యంగా తోచేది ఇదే. ఎన్నో దేశాల్లో నోటిపాట కట్టినవాళ్ల పేరు చెరిగిపోయి, దాన్ని కాగితం మీద రాసుకున్నవాడి పేరే మిగిలింది. జానపదం అనే ముద్ర వేసి, పాట కట్టిన మనిషిని మాయం చేశారు. ఇక్కడ అలా జరగలేదు. మాటా ఆయనదే, బాణీ ఆయనదే. మన భాషలో అలాంటివాణ్ని వాగ్గేయకారుడంటాం. ఆ మాట వాడటానికి స్వరలిపి వచ్చి ఉండాలన్న షరతేమీ లేదు.

ఆయన భాష చాలా మామూలుది. నిఘంటువు వెతుక్కోవలసిన పదం ఒక్కటీ ఉండదు. ఓడిపోయినవాడు, వదిలేయబడ్డవాడు, తాగి ఏడ్చేవాడు ఎలా మాట్లాడతాడో అలాగే ఉంటుంది. తన జీవితంలోని సంగతుల్నే పాటల్లో పెట్టాడు. అన్న ఇగ్నాసియో సలమాంకా పట్టణంలో చనిపోయాడు. తమ రాష్ట్రంలోని ఊళ్లన్నీ తలుచుకుంటూ రాసిన కమినో దె గ్వానహ్వాతో పాటలో ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆయన పక్కదారి పడతాడు. అన్న పేరు ఎక్కడా చెప్పడు. అయినా ఆ దుఃఖం వినేవాడికి అందుతుంది. భార్య పలోమా గాల్వెస్ మీద ప్రేమతో పలోమా కెరీదా రాశాడు. వాళ్ల పెళ్లి 1952లో జరిగింది. ఎల్ కబాయో బ్లాంకో, అంటే తెల్ల గుర్రం, గ్వాదలహార నుంచి ఉత్తరాన బాహా కాలిఫోర్నియా దాకా పరుగుతీసిన గుర్రం కథ. నిజానికి ఆ గుర్రం కచేరీల కోసం ఆయన ప్రయాణించిన కారు. దారిలో అది పడ్డ పాట్లన్నీ గుర్రానికి అంటగట్టి పాడాడు.

హోర్హే నెగ్రెతె, పెద్రో ఇన్ఫాంతె, మిగెల్ ఆసెవెస్ మెహియా, లోలా బెల్త్రాన్, లూచా వియా లాంటి పేరున్న గాయకులంతా ఆయన పాటలు పాడారు. సినిమాల్లోనూ ఆయన కనిపించాడు. సొంత గొంతు గొప్పదేమీ కాదు. అయినా ఆయనే పాడితే వినాలని జనం కోరుకునేవాళ్లు.

ఇక తగువు సంగతి. 1971లో వచ్చిన ఎల్ రే ఆయన పాటల్లో అన్నింటికంటే పేరు మోసింది. ఎల్ రే అంటే రాజు. అందులో పాడే మనిషికి సింహాసనం లేదు, రాణీ లేదు. అయినా తానే రాజునంటాడు. ఏమీ లేనివాడి ఆత్మగౌరవంగా వింటే ఆ పాట గుండెకు తగులుతుంది. వదిలి వెళ్లిన ఆడమనిషి వైపు నుంచి వింటే వేరేలా ఉంటుంది. తన మాటే శాసనమనే మగవాడి జబర్దస్తీ అందులో దాక్కుని ఉంది. సమాజం అణిచిన మగవాడు ఆ కసిని ఇంట్లో ఆడదాని మీద తీర్చుకోవడం ఏ దేశంలోనూ కొత్త కాదు. ఆయన పాటలు ఎక్కువగా నడిచేది కంతీనాల్లో, అంటే మద్యం దుకాణాల్లో. మెక్సికో నగరంలో 1980ల ఆరంభం దాకా ఆడవాళ్లకు వాటిలోకి ప్రవేశమే లేదు. ఆ పాటల దుఃఖం అందరిదీ అంటున్నప్పుడు, ఆ దుఃఖం చెప్పుకునే చోటు మాత్రం మగవాళ్లకే ఉండేదన్నది మరిచిపోకూడదు.

ఆ పాటలనే ఒక స్త్రీ తలకిందులు చేసింది. చావెలా వార్గాస్ 1919లో కోస్టారికాలో పుట్టింది. చిన్న వయసులోనే మెక్సికో చేరింది. ప్యాంటు వేసుకుని, మీద పోంచో కప్పుకుని, మగవాళ్లతో సమానంగా తాగేది. హోసే అల్ఫ్రెడోకు ఆమె దగ్గరి స్నేహితురాలు. 1961లో ఆమె మొదటి రికార్డు రావడానికి ఆయన ప్రోత్సాహం తోడైంది. మగవాడు ఆడదాన్ని ఉద్దేశించి పాడే పాటల్ని ఆమె ఒక్క అక్షరం మార్చకుండా పాడింది. ట్రంపెట్లు తీసేసింది, వేగం తగ్గించింది, గిటార్ ఒక్కటే పెట్టుకుంది. దాంతో అవే మాటలు ఒక స్త్రీ ఇంకో స్త్రీ కోసం పడే వేదన అయ్యాయి. మగవాడి గొంతులో దర్పంగా వినిపించిన చోట ఆమె గొంతులో ఒంటరితనం వినిపించింది. తాను స్త్రీలను ప్రేమించే మనిషినని ఆమె బాహాటంగా చెప్పింది ఎనభై ఏళ్లు దాటాకే. కానీ పాటలో అంతకు ఎన్నో ఏళ్ల ముందే చెప్పేసింది. మద్యం ఆమెను ఏళ్ల తరబడి వేదికకు దూరం చేసింది. ఆమె మాత్రం దాన్ని వదిలి, 1990లలో తిరిగి వచ్చి పాడింది. 2012లో కన్నుమూసింది.

హోసే అల్ఫ్రెడోకు ఆ అవకాశం దక్కలేదు. ఆయన పాటల్లో మద్యం ఎంత ఉందో జీవితంలోనూ అంతే ఉంది. కాలేయం పాడైంది. 1972లో జనానికి కృతజ్ఞత చెప్పుకుంటూ గ్రాసియాస్ అనే పాట రాసి టెలివిజన్‌లో పాడాడు. చూసినవాళ్లకు అది వీడ్కోలని అర్థమైంది. 1973 నవంబర్ 23న మెక్సికో నగరంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. తాగుడును కవి లక్షణంగా చూసి మురిసిపోయే అలవాటు మన దగ్గరా ఉంది. పాటగాడు నలభైల్లోనే రాలిపోతుంటే పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడుతూ ఇంకో గ్లాసు పోయడం ప్రేమ కాదు. ఉద్యమాల్లో పాడేవాళ్ల చుట్టూ ఉన్న మనం ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

ఆయన్ను సొంత ఊరు దొలోరెస్ హిదాల్గోలోనే పూడ్చారు. ఇప్పుడు ఆ సమాధి మీద పెద్ద సోంబ్రెరో టోపీ ఉంది. దాని కింద నుంచి రంగురంగుల దుప్పటిలా మొజాయిక్ గోడ పరుచుకుని ఉంటుంది. దాని మీద ఆయన పాటల పేర్లు రాసి ఉంటాయి. కట్టింది ఆయన అల్లుడు, వాస్తుశిల్పి హవియెర్ సెనోసియాయిన్. ఆయన పుట్టిన ఇల్లు మ్యూజియం అయింది. ఏటా నవంబర్‌లో జనం అక్కడ చేరి పాడుకుంటారు.

ఆ గోడ మీద పాటల పేర్లు ఉండటం మాకు నచ్చింది. మన ఊళ్లలో, వాడల్లో నోటితో పాట కట్టి, మనచేత పాడించి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. వాళ్ల పాటలు ఇంకా సభల్లో వినిపిస్తాయి, పేర్లు మాత్రం వినిపించవు. గోడలూ మ్యూజియాలూ కట్టే స్తోమత మనకు లేకపోవచ్చు. పాట మొదలుపెట్టే ముందు, ఇది ఫలానా ఊరి ఫలానా అమ్మ కట్టిందని చెప్పడానికి మాత్రం ఖర్చేమీ కాదు. విద్యార్థులు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్క పాటా, దాన్ని కట్టిన మనిషి పేరూ రాసుకుని వచ్చినా చాలు, పని మొదలైనట్టే.