విలియమ్ హోగార్తు

విలియమ్ హోగార్తు 1697 నవంబరు 10వ తేదీన లండను నగరమునందలి స్మిత్‌ఫీల్డు ప్రాంతమున జన్మించెను. తండ్రి లాటిను భాషోపాధ్యాయుడు. ఆయన లాటినుననే సంభాషణము జరుగునట్టి కాఫీశాల నొకదానిని పెట్టి నష్టపడి, ఋణగ్రస్తుల నుంచెడి ఫ్లీటు కారాగారము పాలయ్యెను.

హోగార్తు మొదట వెండిపాత్రలపై చెక్కడపుపని నేర్చి, పిదప రాగిరేకులపై బొమ్మలు చెక్కి అచ్చొత్తు వృత్తి నవలంబించెను. నగరమునకు వచ్చి పతితయైన పల్లెపడుచు కథను 1732లో ఆరు ఫలకములుగా వెలువరింపగా, గినీ చందా చెల్లించి వేయిమందికి పైగా కొనిరి. కాని దొంగ నకళ్లును వెంటనే బయలుదేరెను. అతడు తోడి శిల్పులతో పార్లమెంటు నాశ్రయింపగా, 1735లో చిత్రకర్తకు 14 సంవత్సరముల హక్కు నొసగు చట్టము పుట్టెను. అది అమలునకు వచ్చిన జూను 25 వరకు అతడు తన రెండవ చిత్రమాలను దాచియుంచెను. తండ్రి సొత్తును దుర్వ్యసనములకు ధారపోసిన యువకుని కథ యది. అందు ఏడవ ఫలకము ఫ్లీటు కారాగారమే.

1751లో వెలువడిన 'జిన్ను సందు' ఆతని కీర్తికి మూలస్తంభము. మత్తులో మునిగిన తల్లి చేతినుండి బిడ్డ జారి పడుచుండును. వడ్రంగి తన రంపమును, ఇల్లాలు వంటపాత్రలను కుదువ పెట్టుచుందురు. దీనికి జంటయైన 'బీరు వీథి'లో అందరును పుష్టిగా నుందురు. కుదువ వర్తకుని యిల్లు మాత్రమే శిథిలము. విదేశమునుండి వచ్చిన జిన్నును నిందించి స్వదేశపు బీరును కొనియాడుట నీతికన్న దేశాభిమానమే యనవలెను. వెల షిల్లింగు, కూలివాని కదియు తేలిక సొమ్ము కాదు. అయినను బొమ్మకు అక్షరజ్ఞాన మక్కరలేదు. 1876లో హాస్యసంజీవనిని స్థాపించి ప్రహసనములతో దురాచారములను దండించిన మన వీరేశలింగముగారికి ఈ సౌకర్యము లేకపోయెను. ఆ యేటనే సారా విక్రయమును కట్టడిచేయు చట్టము వచ్చెను. అది కేవలము ఈ చిత్రముల ఫలమనుట అతిశయోక్తి. నవలాకారుడు ఫీల్డింగు గ్రంథమును ఆ సమయముననే వెలువడినది.

రాజకీయ కలహములతో చివరి దినములు చేదయ్యెను. 1764 అక్టోబరులో హోగార్తు మరణించెను. ఆతని ఫలకములపై భార్య జేనునకు మరి 20 సంవత్సరముల హక్కు నొసగుచు పార్లమెంటు వేరుగా శాసనము చేసెను. ఆమె ఆ యచ్చులను విక్రయించుచునే 1789 వరకు జీవించెను.