కోచ్ రహీం సాబ్ కంటే ముందు సెక్రటరీ రహీం సాబ్

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్లీ ఇంటింటా వినిపించింది. జకార్తా బంగారు పతకం, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోరాడుతూనే జట్టును నడిపించిన కోచ్... ఇవి ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. కానీ హైదరాబాద్‌లో ఆయన చేసిన ఇంకో పని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. అదేమిటంటే అసోసియేషన్ సెక్రటరీ పని. కప్పులన్నీ ఆ పనిలోంచి పుట్టినవే.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. ఆ తర్వాత ఊళ్లోని లీగ్‌లో కమర్ క్లబ్ తరఫున ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. బతుకుదెరువు మాత్రం టీచరు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. జీవితాంతం ఆయన పద్ధతి టీచరు పద్ధతే. ముందు పిల్లవాడికి ఏది రాదో చూడడం, తర్వాత అది వచ్చేదాకా చేయించడం.

1940ల మొదట్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు. బయటినుంచి చూస్తే ఇది కాగితాల పని. లోపల మాత్రం పెద్ద తలనొప్పి. బస్తీల్లో నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక క్లబ్ పెడతారు, మమ్మల్నీ పోటీల్లోకి తీసుకోండి అని వస్తారు. తీసుకుంటే మ్యాచ్‌లు పెరుగుతాయి, గ్రౌండ్ చాలదు, రెఫరీలు చాలరు. ఫ్లడ్‌లైట్లు లేని రోజులు, వెలుతురు పోకముందే ఆట ముగియాలి. పైగా నిన్న పుట్టిన క్లబ్‌ను బలమైన జట్టు ముందు నిలబెడితే పది గోల్స్ తిని ఇంటికి పోతుంది, మరుసటి ఏడాది కనబడదు. అలాగని కొత్తవాళ్లకు తలుపు మూసేస్తే ఆట పాతవాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఏ ఊరి ఫుట్‌బాల్ లీగ్‌కైనా ఉండే చిక్కు ఇదే.

రహీం సాబ్ దీన్ని టీచరు బుర్రతో ఆలోచించారు. అందరినీ ఒకే పోటీలో కుక్కేయకుండా, ఆటలో ఉన్న ఒక్కో లోపానికి ఒక్కో పోటీ పెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ మాత్రమే ఇవ్వాలి అనేది ఒక టోర్నమెంట్. బలహీనమైన కాలితోనే ఆడాలి అనేది ఇంకొకటి. పొట్టిగా ఉన్న కుర్రాళ్లకు విడిగా పోటీలు. ఇవి చూసి అప్పట్లో కొందరికి నవ్వొచ్చి ఉండవచ్చు. కానీ లెక్క సూటిగా ఉంది. కుడికాలితో మొనగాడైన వాడు ఎడమకాలి పోటీలో మామూలు కుర్రాడైపోతాడు. డ్రిబ్లింగ్ మొనగాడు పాస్ ఇవ్వక తప్పదు. బలమైన క్లబ్‌కూ చిన్న క్లబ్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. బూట్లు కొనలేని పిల్లవాడికి కూడా గెలిచే అవకాశం ఒకటి దొరుకుతుంది. ఖర్చు దాదాపు లేదు, మార్చింది నియమాన్నే.

1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ రోజుల్లో ఎన్నో ముస్లిం కుటుంబాల బతుకులు తలకిందులయ్యాయి. అలాంటి కాలం గడిచిన రెండేళ్లకే, 1950లో రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. అదే ఏడాది ఆ జట్టు డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్‌నైతే 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఇంటికి తెచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులు హైదరాబాద్ పేరు వింటే జాగ్రత్తపడే పరిస్థితి వచ్చింది. సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాద్ 1956–57, 1957–58 సీజన్లలో వరుసగా విజేత.

ఈ ఆటగాళ్లు ఎక్కడినుంచి వచ్చారో తెలియాలంటే తులసీదాస్ బలరాం కథ చాలు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడకు చెందిన పేద కుర్రాడు. స్థానిక లీగ్‌లో రైడర్స్ క్లబ్‌కు ఆడుతుంటే రహీం సాబ్ కన్ను పడింది. శిక్షణకు రమ్మంటే అంత దూరం రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిల్ కోసం రోజుకు ఒక రూపాయి రహీం సాబే ఇచ్చారని ఫుట్‌బాల్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు, 1962లో జకార్తాకు వెళ్లాడు. రైడర్స్ లాంటి క్లబ్‌కు లీగ్‌లో చోటు లేకపోయి ఉంటే ఆ రూపాయి ఎవరికివ్వాలో రహీం సాబ్‌కు తెలిసేది కాదు.

దేశం జట్టుకు కోచ్‌గా ఆయన సంగతి అందరికీ తెలిసిందే. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌పై 1-0తో బంగారం. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి. చాలామంది ఉత్త కాళ్లతో ఆడిన ఆ మ్యాచ్ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ నిలిచింది. నూర్ మొహమ్మద్, అజీజ్, జుల్ఫికరుద్దీన్, బలరాం... హైదరాబాద్ కుర్రాళ్లు ఆ జట్టు నిండా ఉన్నారు.

ఇంత పని మీద ఉన్నా సెక్రటరీ కుర్చీ వదల్లేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్‌కో అసోసియేషన్, ఆంధ్రకో అసోసియేషన్. 1959లో రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అయింది. ఒకే రాష్ట్రం, ఒకే సంఘం. సంతోష్ ట్రోఫీకి కూడా ఇక ఒకే జట్టు. చోట్లు తగ్గాయి, అడిగేవాళ్లు పెరిగారు. ఇలాంటి కలయికలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూడడం మ్యాచ్ గెలవడం కంటే తక్కువ పనేమీ కాదు.

చివరి పరీక్ష 1962 జకార్తా. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. అక్కడినుంచి లేచి థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుని సెప్టెంబర్ 4న ఫైనల్‌లో అదే కొరియాను ఎదుర్కొన్నారు. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, దెబ్బ తగిలి తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1తో బంగారం భారత్‌దే. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

1963 జూన్ 11న రహీం సాబ్ ఈ లోకం విడిచి వెళ్లారు. వయసు 53. బతికుండగా పెద్ద ప్రభుత్వ పురస్కారమేదీ అందుకోలేదు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడై, తండ్రి దారిలోనే ఫుట్‌బాల్‌కు జీవితం ఇచ్చి 2021లో కన్నుమూశారు.

ఆ తర్వాతి కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా తగ్గిపోయింది. కారణాలు చాలా చెబుతారు. డబ్బు, క్రికెట్, మాయమైన గ్రౌండ్లు. అవన్నీ నిజమే. కానీ రహీం సాబ్ కాలంలోనూ డబ్బు లేదు, బూట్లు కూడా లేవు. అప్పుడు ఉన్నదల్లా బస్తీ క్లబ్ తలుపు తడితే దానికి ఎక్కడ చోటివ్వాలా అని ఆలోచించే ఒక మాస్టారు. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. మళ్లీ ఏదో ఒక బస్తీలో అలాంటి తలుపు తెరుచుకోవాలి.