వికారాబాద్ పేరు వెనక ఉన్న నవాబు

తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్లే రైలు వికారాబాద్ జంక్షన్‌లో ఆగినప్పుడల్లా బోర్డు మీద పేరు చదువుతాం. ఆ పేరు ఎవరిదని మా ఏడో తరగతి పిల్లలను అడిగితే క్లాసంతా నిశ్శబ్దం! అందుకే ఈ నెల మన ఊరికి పేరిచ్చిన నవాబు వికార్-ఉల్-ఉమ్రా గురించి చెప్పుకుందాం.

ఆయన అసలు పేరు ఫజలుద్దీన్ ఖాన్. 1856లో పైగా వంశంలో పుట్టారు. పర్షియన్‌లో ఈ మాటకు హోదా అనీ, గుర్రాల శాల అనీ రెండర్థాలు. రెండూ ఈ కుటుంబానికి సరిపోతాయి. నిజాంకు రక్షణగా గుర్రపు దళాన్ని పోషించాలి, అందుకు బదులుగా జాగీర్లు అనుభవించాలి. తరతరాలుగా వాళ్ల ఒప్పందం అదే. అయితే ఈయన పెద్దయ్యే నాటికి కాలం మారింది. 1874లోనే మన మీదుగా వాడి వరకు రైలు నడిచింది. యుద్ధాలు లేవు. గుర్రపు దళం ఊరేగింపుల శోభగా మిగిలింది. పైగా నవాబులు కత్తి పక్కన పెట్టి దర్బారు రాజకీయాల్లోకి వచ్చారు. ఈయన ఐదో నిజాం కూతురిని పెళ్లాడి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బావ అయ్యారు. 1893లో తమ వంశానికే చెందిన ఆస్మాన్ జా తర్వాత ప్రధానమంత్రి కుర్చీ ఎక్కారు.

ఆయన పేరు వినగానే గుర్తుకొచ్చేది మాత్రం ఫలక్‌నుమా ప్యాలెస్. 1884లో కొండ మీద పునాది వేశారు. పైనుంచి చూస్తే తేలు ఆకారం, ఇటలీ పాలరాయి, ఒకేసారి 101 మంది కూర్చుని తినే భోజనాల బల్ల. ఖర్చు 40 లక్షల రూపాయలని చెబుతారు. ఆ రోజుల్లో అదెంత డబ్బో పిల్లలతో లెక్క వేయించి చూడండి! ఎంత పెద్ద పైగా అయినా తట్టుకోలేకపోయింది. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. చివరకు 1897 ప్రాంతంలో ఆ భవనం నిజాం చేతికి వెళ్లింది. నిజాం నుంచి ముట్టిన సొమ్ముతో అప్పుల నుంచి ఊపిరి పీల్చుకున్నారు. ఇష్టపడి కట్టుకున్న ఇంట్లో ఆయన ఉన్నది కొన్నేళ్లే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే దక్కన్‌ను కరువు పట్టింది. 1896-97లో ఒకసారి, 1899-1900లో మరోసారి. మన కంది, జొన్న చేల రైతులకు ఆ కరువుల్లో ఏ పాలరాయి పనికొచ్చి ఉంటుంది? నా మటుకు నాకు ఆయన పాలన కన్నా కట్టడాలే గట్టివనిపిస్తాయి. కానీ ఖజానా చూసుకోవాల్సిన మనిషికి సొంత ఖర్చు మీదే అదుపు లేకపోవడం చిన్న లోపం కాదు.

1901లో పదవి పోయి, మహారాజా కిషన్ పర్షాద్ వచ్చారు. మరుసటి ఏడాదే, 45 ఏళ్ల వయసులో వికార్-ఉల్-ఉమ్రా కన్నుమూశారు. బేగంపేటలో ఆయన తలపెట్టిన స్పానిష్ మసీదు 1906లో పూర్తయింది. సంతోష్‌నగర్‌లోని పైగా సమాధుల్లో ఆయన ఉన్నారు. సున్నపు పనితనం అద్భుతం, ఒక ఆదివారం పిల్లలను తీసుకెళ్లండి. ఇప్పుడు హోటల్‌గా మారిన ఫలక్‌నుమా గోడల మీద, కుర్చీల మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు 'వి.ఓ.' ఇప్పటికీ కనిపిస్తాయి. ఇల్లు కొన్న నిజాం వాటిని చెరిపించలేదు.