మేడతా రాకుమారి మీరాబాయి

1459లో జోధపురమును నిర్మించిన రావు జోధాకు కుమారులు పెక్కురు. వారిలో నొకడగు దూదాజీ మేడతాయందు వేఱుగా నొక చిన్న రాజ్యమును స్థాపించెను. ఇరువురిదియు రాఠోడు వంశమే. అయినను జ్ఞాతుల ప్రాభవమును జోధపురమువారు సహింపజాలకుండిరి. దక్షిణమున సిసోదియా రాణాల మేవాడు వీరికంటె బలమైన రాజ్యము.

దూదాజీ కుమారుడగు రత్నసింహునకు సుమారు 1498లో మీరా జన్మించెను. తల్లి చిన్ననాడే గతింపగా, విష్ణుభక్తుడైన తాతయే యామెను పెంచెను. ఒక సాధువొసగిన గిరిధరగోపాల విగ్రహమే ఆ బాలికకు సర్వస్వమయ్యెనని చెప్పుదురు.

1516లో ఆమెను మేవాడు రాణా సంగ్రామసింహుని కుమారుడగు భోజరాజునకిచ్చి వివాహము చేసిరి. చిన్న రాజ్యమునకు పెద్ద రాజ్యము అండ లభించినది. కాని ఆ అండ ఎంతకాలము నిలిచెను? అయిదారేండ్లకే భోజరాజు మరణించెను. 1527లో బాబరుతో జరిగిన ఖాన్వా యుద్ధమున తండ్రి నేలకొరిగెను. మఱుసటి యేడు మామగారును గతించిరి.

రాణివాసపు వితంతువు సాధువుల నడుమ కీర్తనలు పాడుచు నర్తించుట చిత్తోడు రాచవారికి తలవంపుగా తోచెను. ఆమెను చంపదలచి విషమిచ్చిరనియు, ఆమె దానిని అమృతమువలె త్రాగెననియు నాభాదాసు భక్తమాలలో నున్నది. పంపినవాడు రాణా విక్రమాదిత్యుడని తరువాతివారి నిర్ణయము. మీరా చిత్తోడు విడిచి పుట్టినింటికి చేరెను.

1535లో గుజరాతు సుల్తాను బహదూరుషా చిత్తోడును పట్టుకొనెను. కొలదికాలములోనే జోధపురాధీశుడు మాలదేవుడు మేడతాను ఆక్రమించి, ఆమె పెదతండ్రి వీరమదేవుని వెడలగొట్టెను. ఆ పని చేసినది పరాయివాడు కాదు, ముత్తాత జోధా వంశాంకురమే! మెట్టినిల్లు, పుట్టినిల్లు రెండును పోయిన ఆ రాకుమారి బృందావనమునకును, పిమ్మట ద్వారకకును తరలెను.

అచటి కథ భక్తుల నోట నిలిచినది. తమ రాజ్యమునకు వాటిల్లిన కీడు లన్నియు ఆ భక్తురాలి నవమానించిన ఫలమేయని మేవాడువారు భయపడి, ఆమెను తోడ్కొని రండని బ్రాహ్మణులను ద్వారకకు పంపిరట. తఱిమిన యింటివారే పిలువవచ్చిరి. ఆమె రానిచో ప్రాణములు విడుతుమని ఆ విప్రులు నిరశనమునకు కూర్చుండిరి. పోయినచో మరల రాణివాసము, పోనిచో బ్రహ్మహత్య. మీరా వారితో వాదింపలేదు. స్వామికడ సెలవు గైకొని వత్తునని చెప్పి రణఛోడుని గర్భాలయమున ప్రవేశించెను. బ్రాహ్మణులు వాకిట చాలసేపు వేచియుండిరి. తుదకు లోనికేగి చూడగా అచట స్వామి మాత్రమే యుండెను.