హాస్యబ్రహ్మ చాప్లిన్ – తల్లి వ్యాధి, తొలి వలపు

వెండితెరపై నోరు మెదపకుండానే లోకాన్నంతటినీ నవ్వించిన చార్లీ చాప్లిన్‌ను ఎరుగనివారు అరుదు. ఆ బిగుతు కోటును, వదులు పంట్లామును, చేతి బెత్తాన్ని చూచి మనమందరమూ నవ్వుకొన్నవారమే. అయితే ఆ మనిషి పదునాలుగవ యేట మతి చలించిన తల్లిని తానొక్కడే ఆసుపత్రికి నడిపించుకొని పోయినాడనీ, పందొమ్మిదవ యేట తాను వలచిన బాలికను తన తొందరపాటుతోనే పోగొట్టుకొన్నాడనీ సాధారణంగా మనకు తలపునకు రాదు. ఆ రెండు ఘట్టాలనే మేమిక్కడ స్మరింపదలచినాము.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16వ తేదీన జన్మించినాడు. లండన్ నగరంలో బాల్యం గడిచింది. తల్లి హానా, తండ్రి చార్లెస్ ఇరువురూ వినోదశాలలలో పాడి జీవించిన కళాకారులు. చార్లీ పసితనంలోనే వారు విడిపోయినారు. తండ్రి మద్యానికి బానిస అయినాడు. తల్లి గొంతు చెడి రంగస్థలానికి దూరమై, కుట్టుపనితో చార్లీనీ, అతని అన్న సిడ్నీనీ పోషించింది. అన్నదమ్ములకు తల్లి ఒక్కతే గాని తండ్రులు వేరు. 1896లో బ్రతుకు గడవక ముగ్గురూ లాంబెత్‌లోని బీదల శాలను ఆశ్రయించవలసివచ్చింది. అక్కడినుండి పిల్లలను హాన్‌వెల్‌లోని అనాథ పాఠశాలకు పంపివేసినారు.

1898లో హానాకు మతి చలించింది. ఆమెను కేన్ హిల్ మానసిక చికిత్సాలయంలో చేర్చి, పిల్లలను తండ్రి ఇంటికి చేర్చినారు. ఆ ఇంట తండ్రితో కాపురముంటున్న లూయీజ్ అనే స్త్రీకి సిడ్నీ పొడ గిట్టదు. తాగుడు, తగవులు, అలుకలు, రాత్రివేళ మూసిన తలుపులు – ఆ తొమ్మిదేళ్ల బాలుడు చూచిన సంసారం అది. కొంతకాలానికి తల్లి కోలుకొని వచ్చి బిడ్డలను తనతో తీసికొనిపోయింది. 1901లో తండ్రి నలుబదేండ్లు నిండకుండానే తాగుడు వ్యాధితో కన్నుమూసినాడు.

1903లో అసలు పరీక్ష ఎదురైంది. సిడ్నీ ఓడ ఉద్యోగంపై సముద్రం మీద ఉన్నాడు. ఒకనాడు చార్లీ ఇంటికి రాగా, అతని తల్లి ఇంటింటికీ తిరిగి బొగ్గు పెళ్లలను పిల్లల పుట్టినరోజు కానుకలంటూ పంచుతున్నదని ఇరుగుపొరుగు పిల్లలు చెప్పినారు. నీరసంతో తూలుతున్న తల్లిని పట్టుకొని అతడు ఆసుపత్రికి నడిపించినాడు. తిండి చాలకపోవటమే ఆమె వ్యాధిని ముదిరించినదని వైద్యుడు అభిప్రాయపడినాడు. తరువాత తాను చూడబోయినపుడు, ఆనాడు ఒక కప్పు టీ ఇచ్చి ఉంటే తనకేమీ అయ్యేది కాదని తల్లి అన్నదట. ఆ మాట అతడు మరువలేదు. 1964లో వెలువడిన స్వీయచరిత్రలో దానిని వ్రాసికొన్నాడు.

1908లో చాప్లిన్ ఫ్రెడ్ కార్నో నాటక బృందంలో చేరినాడు. ఆ యేడే హెట్టీ కెల్లీ అనే పదునైదేండ్ల నర్తకి అతని కంటబడింది. మొదటిసారి కలిసికొన్నప్పుడు, కూడబెట్టుకొన్న డబ్బు బ్యాంకునుండి తీసి, ఆమెను పెద్ద హోటలుకు విందుకు తీసికొనిపోయినాడు. ఆమె అప్పటికే భోజనం చేసి వచ్చింది! కొన్ని ఉదయాలు ఆమెతో కలిసి నడిచినాడు. ఒకనాడు ఆమె కొంచెం ముభావంగా కనిపించగానే, నన్ను ప్రేమిస్తున్నావా లేదా అని నిలదీసినాడు. తానింకా చిన్నదాననని ఆమె చెప్పింది. అంతట తానే ఎడబాటును కోరుకొన్నాడు.

ఈ పట్టుదల వలపు మాత్రమే కాదని మాకు తోస్తున్నది. నిన్నటిదాకా లాలించిన తల్లి ఈ రోజు తనను గుర్తించునో లేదో తెలియని ఇంట పెరిగినవాడు, చిన్న ముభావాన్ని కూడా శాశ్వత వియోగంగా భావించుట సహజం. తల్లి ఇవ్వలేకపోయిన భరోసాను అతడు ఒక పదునైదేండ్ల బాలికనుండి కోరినాడు. అది ఆమె మోయదగిన బరువు కాదు.

చాప్లిన్ అమెరికాకు వెళ్లి 1914 నుండి చలనచిత్రాలలో ప్రఖ్యాతుడైనాడు. 1921లో తల్లిని కాలిఫోర్నియాకు రప్పించుకొన్నాడు. ఆ యేడే లండన్‌కు వచ్చినపుడు, హెట్టీ వివాహమాడి 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో మరణించిందని తెలిసికొన్నాడు. తల్లి మాత్రం 1928 వరకు కుమారుని నీడలో బ్రతికింది. 1931లో లండన్‌లోనే అతడు గాంధీమహాత్ముని దర్శించినాడు. 1977 డిసెంబరు 25న చాప్లిన్ దివంగతుడైనాడు.

మన కళాశాలకు వచ్చే పిల్లలలోనూ ఇట్టి ఇండ్లనుండి వచ్చేవారు ఉండరని మేము అనుకోము. తల్లికో తండ్రికో మతి స్థిమితం లేదన్న సంగతిని వారు సిగ్గుతో దాచుకొంటారు. చుట్టుప్రక్కలవారు గాలి సోకినదని చెప్పి తలుపులు వేసికొంటారు. ఇది వ్యాధి, దీనికి వైద్యమున్నది, దీనిలో బిడ్డల తప్పేమీ లేదు. ఈ మూడు మాటలు ఆ పదునాలుగేండ్ల చార్లీకి చెప్పినవారు లేకపోయినారు. మన పక్క బెంచీలో కూర్చున్న వానికైనా చెప్పగలిగితే, ఆలస్యమైనా ఆ కప్పు టీ అందించినవారమవుతాము.